మొదటి గంట హాజరు

మా పాసింజరు నల్లపాడు దగ్గర ఆగని రోజంటూ లేదు. చీకటితోనే లేచి, పిడుగురాళ్ల స్టేషన్‌కి పరిగెత్తి, నిలబడో కూర్చునో అంత దూరం వచ్చి, ఇదిగో గుంటూరు అనుకునేసరికి సిగ్నల్ పడదు. ఎదురొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వాలి. సిమెంటు మోసే గూడ్సుకి దారి ఇవ్వాలి. అందరూ పోయాక మేం. ఆడవాళ్ల పెట్టెలో మేం తొమ్మిది మంది స్టూడెంట్లం కిటికీల దగ్గర చేరి ఆ ఎర్రలైటుని తిట్టేవాళ్లం. సత్తెనపల్లిలో ఎక్కే నాగశ్రీ తిట్లు వింటే మిరపకాయల యార్డులో హమాలీలు కూడా చెవులు మూసుకోవాలి.

మేమంతా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. స్టేషన్ నుంచి షేర్ ఆటోలో పడి క్యాంపస్ చేరేసరికి మొదటి గంట సగం అయిపోయేది. ఆ గంట తోమా సార్‌ది. హాజరు వేశాక వచ్చినవాళ్లని ఆయన లోపలికి రానివ్వరు. క్లాసుని ఒక గంట వెనక్కి జరపమని మొదటి ఏడాదే వెళ్లి అడిగాం. ముందు బండికి రమ్మన్నారు. ముందు బండి ఉంటే మేం ఈ బండికెందుకొస్తాం? రెండో గంటకి మాతోపాటు మా ఊరి ముగ్గు మిల్లుల దుమ్ము కూడా క్లాసులోకి వచ్చేది. తలుపు దగ్గర మమ్మల్ని చూడగానే హాస్టల్ పిల్లలు "పౌడర్ బ్యాచ్ దిగింది" అనేవాళ్లు.

అయినా మొదటి గంట హాజరు పడేది. ఎలాగంటే, తోమా సార్ నంబర్లు పిలిచేటప్పుడు తల ఎత్తరు. గొంతు వింటారు, టిక్కు పెడతారు. కానీ చెవి మాత్రం పాముచెవి. ఒక గొంతు రెండు నంబర్లకి పలికితే పట్టుకోరు, మూడోదానికి పలికితే పట్టేస్తారు. అంటే హాస్టల్‌లో ఉండే పిల్ల తన నంబరుకి పలికి, ఇంకొక్కరికి మాత్రమే ప్రాక్సీ వెయ్యగలదు. అందుకని మాలో ఒక్కొక్కరికీ హాస్టల్‌లో ఒక జత ఉండేది. వాళ్లు మాకు హాజరు వేస్తారు. మేం వాళ్లకి ఇంటి కూర తెస్తాం. హాస్టల్ సాంబారులో ములక్కాడ ముక్క తగిలిన పిల్ల ఆ రోజు పుట్టినరోజు చేసుకునేది, వాళ్ల తిండి అంత సొగసుగా ఉండేది.

ఈ ఒప్పందానికి ఒకటే మర్యాద. "వేశావా?" అని అడగకూడదు. మొదట్లో నాగశ్రీ ఒకసారి తన జతని అడిగింది. ఆ పిల్ల ముఖం మాడ్చుకుని, "అంటే తిని ఎగ్గొడతాననుకున్నావా?" అని వారం రోజులు డబ్బా ముట్టలేదు, ప్రాక్సీ వెయ్యలేదు. నాగశ్రీ బతిమాలి బామాలి దారికి తెచ్చుకుంది. అప్పటినుంచి మా బండిలో అదొక నియమం అయిపోయింది. అడగడమంటే అనుమానించడం. అనుమానించిన చోట అన్నం సహించదు.

నా జత అఖిల. పర్చూరు పక్కన వాళ్ల ఊరు, మిరప, పొగాకు వేసే ఇల్లు. మా ఇద్దరికీ మొదటి ల్యాబ్‌లో ఒకే బల్ల పడింది. బ్యూరెట్ పగలగొట్టింది నేను, సార్ ముందు తలొంచుకుంది అది. అలాంటి పిల్ల. ఒక ఆదివారం మా ఇంటికి కూడా వచ్చింది. మా అమ్మ షాజాది దానికి దాల్చా వడ్డిస్తే మూడుసార్లు పెట్టించుకుని తిని, మధ్యాహ్నం మా అమ్మ చాప మీదే పడుకుని నిద్రపోయింది. ఆ రోజుతో మా అమ్మకి అది రెండో కూతురైపోయింది. పొద్దున్నే రెండు డబ్బాలు కట్టేది. "ఇది నీకు, ఇది అఖిలకి. దానిది కిందా మీదా చెయ్యకు, పులుసు కారుతుంది" అనేది. నా డబ్బా కారినా పర్వాలేదన్నమాట!

మూడు సెమిస్టర్లు అలా గడిచాయి. నాలుగోది మొదలైన కొత్తలో క్యాంపస్‌కి హైదరాబాదు నుంచి ఒక మందుల కంపెనీ వచ్చింది. క్లాసులో ముగ్గురిని తీసుకున్నారు, అందులో నేనొకదాన్ని. ల్యాబ్‌లో క్వాలిటీ చూసే ఉద్యోగం. వేసవిలో పరీక్షలు రాసి, పాసైన కాగితంతో వచ్చి చేరమన్నారు. ముగ్గు మిల్లులో మేస్త్రీ పని చేసే మా నాన్న మాబు సాహెబ్ ఆ మాట విని పనికి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత, హైదరాబాదు పోయే ముగ్గు లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లి, ఆ కంపెనీ ఎక్కడుందో చూసి, దాని దగ్గర ఆడపిల్లల హాస్టల్ ఒకటి వెతికి, లోపల బాత్రూములు ఎలా ఉన్నాయో వార్డెన్‌ని అడిగి మరీ వచ్చాడు. వచ్చి, "నీళ్లు బాగానే వస్తాయంట" అన్నాడు. మా నాన్న అంతకంటే మాట్లాడడు.

ఆ సెమిస్టర్‌లోనే రంజాన్ వచ్చింది. నెలంతా నేను ఉపవాసం. నా డబ్బా లేదు. అఖిల డబ్బా మాత్రం ఉంది. మిరపకాయల కాలం, స్టేషన్ బయట లారీలు పోతుంటే ఘాటుకి గొంతు ఎండిపోయేది, మింగడానికి ఉమ్మి కూడా ఉండేది కాదు. ఆ గొంతుతో, ఆ ఎండలో, దాని కూర ఒలక్కుండా పట్టుకుని వెళ్లేదాన్ని. అది మూత తీసి, "మీ అమ్మ చేతికి బంగారు గాజులు చేయించాలే" అనేది. నేను పొంగిపోయేదాన్ని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా?

పరీక్షలు దగ్గరికొచ్చాయి. హాల్ టికెట్ల కోసం కిటికీ దగ్గర క్యూ కట్టాం. మా డిపార్టుమెంటులో హాజరు సంగతి ముందుగా ఎవరికీ చెప్పరు, హాల్ టికెట్ వచ్చిందా లేదా అన్నదే లెక్క. నా ముందు మెహర్ తీసుకుంది. మెహర్‌ది మా వీధే, చిన్నప్పటి నుంచి ఒకే బడి, ఇప్పుడు ఒకే బండి. నా వంతు వచ్చేసరికి గుమాస్తా కట్ట అటూ ఇటూ తిప్పి, "నీది రాలేదమ్మా. మొదటి గంట హాజరు చాల్లేదు. డిటెయిన్, పరీక్ష రాయడానికి లేదు" అన్నాడు.

"ఇంకోసారి చూడండి సార్."

"ఎన్నిసార్లు చూసినా అంతేనమ్మా. వెనకాల వాళ్లకి దారియ్యి."

పొరపాటనుకున్నాను. నిజంగా ఆ నిమిషంలో నాకు అఖిల గుర్తు కూడా రాలేదు. తిన్నగా తోమా సార్ గదికి వెళ్లాను. ఆయన నన్ను చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నాకూ అర్థం కాలేదమ్మా రిహానా. పోయిన సెమిస్టర్ దాకా రోజూ పలికేదానివి. ఈ సెమిస్టర్‌లో నీ నంబరు పిలిస్తే ఒక్కనాడూ జవాబు లేదు. చదువు మానేశావేమో అనుకునేవాణ్ని. మళ్లీ రెండో గంటకి వరండాలో కనపడేదానివి" అన్నారు.

ఒక్కనాడూ లేదు. ఏదో నాలుగు రోజులు మర్చిపోయిందంటే వేరు, జ్వరం వచ్చిందంటే వేరు. ఒక్కనాడూ లేదంటే అది మరుపు కాదు. అఖిలని వెతుక్కుంటూ బయల్దేరాను.

అఖిల లైబ్రరీ వెనక కుళాయి దగ్గర డబ్బా కడుగుతూ కనపడింది. ఆ పొద్దున నేనిచ్చిన డబ్బానే. నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"వేశావా?" అన్నాను. రెండేళ్లలో మొదటిసారి.

అది కుళాయి కట్టేసింది. "కూర్చోవే, చెప్తాను."

"నిలబడే వింటా. చెప్పు."

"ప్రత్యూష కోచింగ్‌లో చేరిందిగా" అంది. ప్రత్యూష దాని రూమ్మేట్. పొద్దున పూట గ్రూప్ టూ కోచింగ్‌కి వెళ్తుందని నాకూ తెలుసు. "దానికి ఎవరో ఒకళ్లు వెయ్యాలి. నన్నడిగింది. ఇద్దరికి వేస్తే సార్ పట్టేస్తారు."

"అందుకని నాది మానేశావు."

"మానేద్దామని కాదే..."

"మానేశావు! మానేసి నాతో చెప్పలేదు. చెప్తే నేను ఇంకో జతని చూసుకునేదాన్ని. కాళ్లావేళ్లా పడి అయినా ఎవరినో ఒకళ్లని ఒప్పించుకునేదాన్ని. ఎందుకు చెప్పలేదే?"

"రోజూ చెబ్దామనే అనుకున్నా. నువ్వేమో రాగానే డబ్బా చేతిలో పెట్టేదానివి. ఇక ఎలా చెప్పను?"

నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. "తినడానికి మాత్రం నోరు పెగిలిందా? రంజాన్ నెలంతా మోశానే నీకు. నీళ్లు కూడా తాగకుండా మోశాను."

అది తల దించుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఏడ్చి ఊరుకుని ఉంటే, ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. కానీ కళ్లు తుడుచుకుంటూ, నన్ను ఓదారుస్తున్నట్టు నా చెయ్యి పట్టుకుని అంది:

"ప్రత్యూషకైతే నిజంగా ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందే. నువ్వేమో... మీ వాళ్లల్లో ఎలాగూ పెళ్లి చేసేస్తారుగా. నిన్ను హైదరాబాదు పంపిస్తారా ఏంటి? ఇవాళ కాకపోతే రేపైనా మానేసేదే కదా అనుకున్నా. నీకు పెద్ద నష్టం ఉండదులే అనుకున్నానే, నిజంగా."

నా చెయ్యి లాక్కున్నాను. మా ఇంటికొచ్చింది, మా అమ్మ చాప మీద పడుకుంది, మా నాన్న దానికోసం బజారుకెళ్లి ఐస్‌క్రీం తెచ్చాడు. అంతా చూసి అది తెలుసుకున్నది ఇదా? "మీ వాళ్లల్లో" అంటే ఎవరు? ముగ్గు లారీలో కూర్చుని బాత్రూములు చూసొచ్చిన మా నాన్నా? ఆ సంగతి దానికి చెప్పి ఉండొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. నా బతుకు విలువ ఎంతో తన మనసులోనే తేల్చేసుకున్నదానికి నేను రుజువులు చూపించడమేంటి?

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావే నువ్వు" అన్నాను. ఇంకా పెద్ద మాటలే నోటిదాకా వచ్చాయి. డబ్బా లాక్కుని వచ్చేశాను.

సాయంత్రం మా డిపార్టుమెంటు హెడ్ మేడం పిలిపించారు. తోమా సార్ చెప్పినట్టున్నారు. తలుపు వెయ్యమని, ఎదురుగా కూర్చోమన్నారు.

"నీ పాత సెమిస్టర్లు చూశాను. మొదటి గంటకి రోజూ వచ్చినట్టే ఉంది. అదే బండి, అదే నువ్వు. అప్పుడెలా వచ్చావు, ఇప్పుడెందుకు రాలేదు?"

"అప్పుడు బండి టైముకొచ్చేది మేడం."

"పాసింజరా?" అన్నారామె. నవ్వలేదు. "చూడమ్మా. ఈ ప్రాక్సీల గొడవ నాకెప్పటినుంచో తెలుసు. పట్టుకోలేకపోతున్నా. ఎవరికి ఎవరు పలుకుతున్నారో పేర్లు చెప్పు. నీ సంగతి నేను దగ్గరుండి పై వాళ్లతో మాట్లాడి పరీక్ష రాయిస్తా. నీకు ఉద్యోగం వచ్చిందట కదా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. మంచిదాన్నని చెప్పుకోవడం లేదు, నిజంగానే ఆలోచించాను. అఖిల పేరు నాలుక చివర ఉంది. దాని హాల్ టికెట్ చింపి పారేస్తుంటే కళ్లారా చూడాలని ఉంది. కానీ అఖిల పేరు చెప్తే ఆమె అక్కడితో ఆగరు. రెండో ప్రశ్న ట్రైన్ పిల్లల గురించే. మెహర్‌కి పలికేదెవరు, నాగశ్రీకి పలికేదెవరు... ఎనిమిది మంది హాల్ టికెట్లూ పోతాయి. పొద్దున మెహర్ తన హాల్ టికెట్‌ని ముద్దు పెట్టుకుని బ్యాగులో పెట్టుకోవడం చూశాను. పోనీ నాకు జరిగిన అన్యాయం ఒక్కటే చెప్దామా అంటే, ఏమని చెప్పను? మేడం, నా దొంగ హాజరు వేస్తానని వెయ్యలేదు అనా? దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. నొప్పి ఉంది గానీ అరవడానికి లేదు.

"ఎవరూ లేరు మేడం. తప్పు నాదే" అన్నాను.

"ఏడాది పోతుంది."

"తెలుసు మేడం."

"ఉద్యోగం కూడా."

దానికి మాత్రం తల ఊపాను. ఆమె మళ్లీ రెండుసార్లు తిప్పితిప్పి అడిగి, చివరికి రేపు వచ్చి వచ్చే ఏడాదికి రీ అడ్మిషన్ రాసుకోమన్నారు. బయటికొచ్చేసరికి మా బండి వెళ్లిపోయింది. బస్సులో వెళ్లాను. దారంతా కళ్లాల్లో మిరపకాయలు ఎత్తుతున్నారు. బస్సులో అందరూ దగ్గుతున్నారు, అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నన్ను ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు. ఆ ఒక్కటీ మేలు జరిగింది.

ఇంట్లో చెప్పాను. హాజరు తక్కువైందని చెప్పాను, ఎందుకు తక్కువైందో చెప్పలేదు. నాన్న చొక్కా విప్పబోతున్నవాడల్లా ఆగాడు.

"కంపెనీ వాళ్లు ఏడాది ఆగుతారా?"

"ఆగరు నాన్నా."

"ఇంకో కంపెనీ రాదా?"

"ఏమో."

"వస్తదిలే. ఏడాది పోయింది, చదువు పోలేదుగా" అని స్నానానికి వెళ్లాడు. కుళాయి తిప్పి, చాలాసేపు చెంబు ముట్టలేదు. నీళ్లు పోతున్న చప్పుడు మాత్రం వినపడింది.

అమ్మ నా తల నిమురుతూ అంది, "అఖిల ఎంత బాధపడిందో పాపం. ఒక్కసారి ఫోన్ కలిపియ్యి, నేను మాట్లాడతా. దిగులు పడొద్దని చెప్తా."

చెప్పేద్దామనుకున్నాను. కానీ అది "మీ వాళ్లల్లో" అన్న మాట మా అమ్మ చెవిన పడాలా? అది నేను మోస్తే చాలు. "దాని ఫోన్ స్విచాఫ్ ఉందమ్మా" అన్నాను.

ఆ రాత్రి మా ట్రైన్ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజీ లేదు. మామూలుగా అయితే ఆ గ్రూపు నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. నా మీద జాలితో ఊరుకున్నారనుకున్నాను. ఏమనాలో తెలియక ఊరుకున్నారనుకున్నాను. మెహర్ పొద్దున్నే వస్తుంది, దారిలో దానికి అంతా చెప్పి కడుపు ఖాళీ చేసుకోవాలనుకున్నాను.

పొద్దున మెహర్ రాలేదు. వాళ్ల ఇంటికి వెళ్తే, "ఇందాకే వెళ్లిపోయిందే, నీకు చెప్పలేదా?" అంది వాళ్లమ్మ.

బండి ఎక్కాను. మెహర్ ముందే కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. సత్తెనపల్లిలో నాగశ్రీ ఎక్కింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఎక్కి, అందరూ ఒకే చోట ఇరుక్కుని కూర్చున్నారు. నేను వాళ్ల ఎదురుగా నిలబడి ఉన్నా ఎవరూ జరగలేదు. నాగశ్రీ పక్కమ్మాయిని మోచేత్తో పొడిచింది, ఆ అమ్మాయి మెహర్‌ని చూసింది, మెహర్ తన గోళ్లు చూసుకుంది.

చివరికి నాగశ్రీయే గొంతు సవరించుకుంది.

"ఒసేయ్ రిహానా, కడుపులో దాచుకోకుండా అడుగుతున్నా. నిన్న హెడ్ మేడం రూములో తలుపేసుకుని అంతసేపున్నావంట. నువ్వు మంచి కోపం మీద ఉన్నావని, మమ్మల్ని జాగ్రత్తగా ఉండమని అఖిల రాత్రి అందరికీ ఫోన్లు చేసింది. నిజం చెప్పు. మా పేర్లు చెప్పావా?"

అఖిల అందరికీ ఫోన్లు చేసింది. నాకు తప్ప. నన్ను ముంచిన మనిషి వీళ్లకి నా గురించి జాగ్రత్త చెప్పింది, వీళ్లు విన్నారు. వీళ్ల కోసమే నిన్న నా ఏడాదిని, నా ఉద్యోగాన్ని, మా నాన్న చూసొచ్చిన ఆ గదిని ఆ బల్ల మీద వదిలేసి వచ్చాను. నీకేమైందే అని ఒక్కరూ అనలేదు. తిన్నావా అనలేదు. ఎనిమిది జతల కళ్లు నా నోటి వైపే చూస్తున్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది.

"చెప్పాను" అన్నాను. "అందరి పేర్లూ చెప్పాను."

ఎవరో "అమ్మో, మా ఇంట్లో చంపేస్తారు" అని ఏడుపు అందుకున్నారు. నేను వాళ్లనెవరినీ చూడలేదు. మెహర్‌నే చూస్తున్నాను. అది నన్ను ఎరుగును. మూడో తరగతిలో అది పలక పగలగొడితే దెబ్బలు తిన్నది నేను. "ఛీ, ఊరుకో, నువ్వు చెప్పే మనిషివా?" అని ఆ ఒక్క మాట అంటే చాలు, దాని ఒళ్లో తల పెట్టుకుని భోరుమని ఏడ్చేసి నిజం చెప్పేసేదాన్ని. అంటుందని చూశాను. అనకుండా ఎలా ఉంటుందని చూశాను.

మెహర్ నన్ను చూసింది. తర్వాత నాగశ్రీ వైపు తిరిగి, మెల్లగా, "నేను రాత్రే అన్నానుగా, చెప్పేసి ఉంటుందని" అంది.